పది రోజుల్లో యూరప్, స్పైరల్ బైండింగుతో

అమీర్‌పేటలో తొమ్మిదేళ్ళు జావా చెప్పినవాణ్ణి నేను. మూడేళ్ళు చదవాల్సినదాన్ని నలభై అయిదు రోజుల్లో మింగించి, మెటీరియల్ చేతిలో పెట్టి ఇంటర్వ్యూలకు తోలడం మా పని. పొద్దున ఏడింటికి ఒక బ్యాచ్, తొమ్మిదింటికి ఒకటి, సాయంత్రం రెండు, ఆదివారం కొత్తవాళ్ళకు రెండు గంటల ఉచిత డెమో. సాఫ్ట్‌వేర్ మంచి ఊపు మీదున్న రోజులవి. డెమోకు కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడేవారు. మధురానగర్‌లో మా ఇంటి నుంచి ఇన్‌స్టిట్యూట్ నడిచే దూరమే. నా భార్య నన్ను ఎక్కువగా వెనక నుంచే చూసేది, చెప్పులేసుకుని వెళ్ళిపోతుండగా.

పెళ్ళయిన వారానికే కొత్త బ్యాచ్ మొదలైంది. "తర్వాత తీరిగ్గా ఎక్కడికైనా వెళ్దాం" అన్నాను. ఆ 'తర్వాత' రావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. చివరికి ఆవిడే నన్ను పంజాగుట్టలో ఒక ట్రావెల్స్ ఆఫీసుకు లాక్కెళ్ళింది. బ్రోషర్‌లో తనకు కావలసిన పేజీ ముందే మడిచి పెట్టుకుంది. పది రోజులు, రెండే ఊళ్ళు, ప్రాగ్, వియన్నా. మధ్యాహ్నాలన్నీ ఖాళీ.

"పది రోజులకు రెండు ఊళ్ళేనా? మిగతా టైమంతా ఏం చేస్తారు?" అని ఆఫీసతన్ని అడిగాను.

"ఏం జెయ్యరు సార్. జర తిరుగుతరు, కూసుంటరు."

"కూర్చోవడానికి యూరప్ దాకా ఎందుకు?" అన్నాను, తెలివైన మాట అన్నాననుకుని.

ఆవిడ బ్రోషర్ మడిచి బ్యాగులో పెట్టుకుంది. బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు, "నాకు కావలసింది అదేనండీ. మీరు లేవకుండా కాసేపు నా పక్కన కూర్చోవాలి" అంది. హారన్ల మోతలో వినబడనట్టు ఊరుకున్నాను. వినబడింది.

ఆ ప్యాకేజీ వద్దని నేనే సిలబస్ తయారు చేశాను. ఏడు ఊళ్ళు. ఊరికో యూనిట్, యూనిట్‌కు పది పన్నెండు టాపిక్‌లు, ప్రతి టాపిక్ పక్కన టిక్కు పెట్టుకోవడానికి ఒక గడి. తప్పనిసరిగా చూడాల్సినవాటికి చుక్క గుర్తు. అంతా నా చేతిరాతే. ఎస్.ఆర్. నగర్‌లో నా మెటీరియలంతా వేసే జెరాక్సు షాపతను దానికి స్పైరల్ బైండింగ్ చేస్తూ పేజీలు తిరగేశాడు.

"గిదేం కోర్సు సార్, కొత్తగ వచ్చిందా?"

"కోర్సు కాదు. మేం యూరప్ వెళ్తున్నాం."

"అరె, మస్తు టాపిక్‌లున్నయి! పది రోజులల్ల అయితదా?"

"ఫాస్ట్‌ట్రాక్" అన్నాను గర్వంగా.

"మేడం సుత వస్తున్నరా?" అని అడిగాడు. అవునన్నాక నా వంక ఒకసారి చూసి, పైన ఇంకో ప్లాస్టిక్ అట్ట వేశాడు.

పారిస్‌లో ఆ పెద్ద ఇనుప టవర్ ఎక్కి, దిగి, టిక్కు పెట్టి, అది ఎలా ఉందో చూడటం మరిచిపోయాను. బ్రసెల్స్‌లో ఒంటేలు పోసే పిల్లాడి బొమ్మ కోసం వానలో నలభై నిమిషాలు వెతికి, నాలుగు క్షణాలు చూశాం. మ్యూజియంలో ఆవిడ ఒక బొమ్మ ముందు ఆగిపోతే, "డౌట్లు క్లాసు చివర్లో" అన్నాను. నిజంగానే అన్నాను. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలవగట్టున ఖాళీ బెంచీ చూసి, "కాసేపు కూర్చుందామండీ" అంది. "ఈ యూనిట్ అవనీ" అన్నాను. అలా అడగడం అది నాలుగోసారి. ఆ తర్వాత అడగలేదు. హమ్మయ్య, టైము కలిసొచ్చిందనుకున్నాను నేను.

ఏడో రోజు పొద్దున, ప్రాగ్ హోటల్లో, పుస్తకం కనిపించలేదు. మంచం కింద వెతికాను, పరుపు ఎత్తాను, కిందికెళ్ళి కౌంటర్‌లో అమ్మాయికి చేతులతో స్పైరల్ తిప్పి చూపించాను. పాస్‌పోర్టులు, టికెట్లు ఆవిడ హ్యాండ్‌బ్యాగులో భద్రంగా ఉన్నాయి. పోయింది పుస్తకం ఒక్కటే. అప్పుడే అనుమానం రావాల్సింది. కానీ నాకప్పుడు పరీక్ష హాల్లో హాల్ టికెట్ పోగొట్టుకున్నవాడి పరిస్థితి.

"అయ్యో" అంది ఆవిడ, తల దువ్వుకుంటూ. "సర్లెండి, ముందు బయటికి వెళ్దాం."

వెళ్ళి నది ఒడ్డున బెంచీ మీద కూర్చుంది. నాకు వేరే గతి లేక కూర్చున్నాను. కాలు ఊపాను. వాచీ చూసుకున్నాను. ఎదురుగా ఉన్న వంతెన పేరేమిటో, దానికి చుక్క గుర్తు పెట్టానో లేదో గుర్తు రాక గింజుకున్నాను. ఒక పావుగంట గడిచాక ఆవిడ నీళ్ళ వైపే చూస్తూ చెప్పింది.

"రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం మీ డెమోకి వచ్చానండీ."

"ఎప్పుడు? నాకు చెప్పలేదే?"

"చివరి వరసలో కూర్చున్నా. జావా నాకేం అర్థమవుతుంది? రెండు గంటలు మీరు ఎక్కడికీ వెళ్ళరు కదా అని వచ్చా. బాగా చెప్పారు. చివర్లో 'ఎవరికైనా డౌట్లున్నాయా' అని అడిగారు. చెయ్యెత్తుదామనుకున్నా. మళ్ళీ బాగుండదని ఊరుకున్నా."

నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది, దాన్ని దగ్గు కింద సర్దేశాను. ఆ రోజు మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం. తర్వాత వియన్నాలోనూ చూసింది తక్కువే. ఇప్పటికీ నాకు బాగా గుర్తున్నవి ఆ చివరి రోజులే.

ఇంటికొచ్చి పెట్టెలు సర్దుతుంటే ఆవిడ చీరల అడుగున పుస్తకం దొరికింది. ఆవిడ వంక చూశాను.

"పారేద్దామనే తీశా. మీ చేతిరాత చూసి మనసొప్పలేదు" అంది, దొరికిపోయానన్న బాధేమీ లేకుండా.

పేజీలు తిరగేశాను. చివరి ఖాళీ పేజీలో ఆవిడ చేతిరాత ఉంది. 'ఆదివారం. మన బాల్కనీ. రెండు గంటలు.' పక్కన చుక్క గుర్తు, ఒక ఖాళీ గడి.

ఆ ఆదివారం డెమో ఇంకొకరికి అప్పగించి బాల్కనీలో కూర్చున్నాను. ఎదుటి హాస్టల్లో కుర్రాళ్ళు లుంగీలు ఆరేస్తున్నారు. అంతకంటే చూడదగ్గదేమీ లేదు. నలభై నిమిషాలయ్యాక, అలవాటు ఊరికే పోదు కదా, పెన్ను తీసి గడిలో టిక్కు పెట్టబోయాను. ఆవిడ పుస్తకం లాక్కుంది.

"ఇంకా గంటా ఇరవై నిమిషాలుంది. కూర్చోండి."

కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక, నాకు తెలిసిన ఒక్క మాటే అడిగాను.

"డౌట్లేమైనా ఉన్నాయా?"

ఆవిడ చెయ్యెత్తింది.