పొట్టేలు కొమ్ముల సైకిలు

యాభైల్లో చోడవరం సంతకు ఎవరో పాత రేసు సైకిలు అమ్మకానికి తెచ్చారు. దాని హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా వంగి ఉంది. కొనమని నాన్న ప్రాణం తోడేశాను. బుచ్చయ్యపేట రోడ్డు మీద కాస్త దూరం తొక్కి వచ్చాక నా కాళ్లు నేల మీద నిలవలేదు. నాన్న నా తొక్కుడు చూడనే లేదు. సైకిలును ఒంటిచేత్తో ఎత్తి చూశాడు.

“ఏటిరా ఇది, మేకపిల్లంత బరువు లేదు! బెల్లం దిమ్మ ఎక్కడ కట్టాలి?”

“నాన్నా, ఇది పందేలకి!”

“నువ్వు పందేనికెల్తే, అనకాపల్లికి బెల్లం మీ తాత అట్టుకెల్తాడేటి?”

క్యారియర్ ఉన్న నల్ల సైకిలు కొన్నాడు. రేసు సైకిలు మంచిచెడ్డలు బెల్లం దిమ్మతో తేల్చడమేమిటి? ఇప్పటికీ ఒళ్లు మండుతుంది! ఆ మొద్దు బండి మీద బెల్లం కట్టుకుని వెళ్లినప్పుడల్లా, ముందున్న సైకిళ్లన్నీ దాటేదాకా నడుం వంచే తొక్కాను.