అప్పలరాజు బావ డెస్క్‌టాప్

ఇన్నేళ్లూ ఈ మాట గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలీదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

విశాఖ పోర్టు దగ్గర సరుకు రవాణా ఆఫీసు మాది. మూడు షిఫ్టులకీ ఒకటే కంప్యూటర్, ఎవరి పేరుతో వాళ్లు లాగిన్ అవ్వాలి. అది మొరాయిస్తే నన్నే పిలిచేవారు. అబ్బ, ఏం రోజులవి! మాతో పనిచేసే అప్పలరాజు బావ యారాడ నుంచి వంజరం చేపల పులుసు తెస్తే క్యారేజీ చుట్టూ మూగిపోయేవాళ్లం. నన్ను 'డాక్టరు బావా' అని ఏడిపించేవాడు.

వాళ్లయ్య పాతకాలపు చేపల వేటగాడు. సముద్రం మీంచి చూస్తే ఏ కొండ ఏ కొండ చాటుకి పోవాలో, అప్పుడు వల ఎక్కడ వెయ్యాలో, అంతా ఆయన నోటిలెక్కే. బావ అదంతా ఫోన్‌లో రికార్డు చేసి, ఫోన్ నిండిపోతే అందులోంచి తీసేసి ఆఫీసు కంప్యూటర్లో తన లాగిన్‌లో దాచుకున్నాడు. తర్వాత ముసలాయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

ఓ సాయంత్రం బావ లాగిన్ అయితే ప్రొఫైల్ తెరుచుకోలేదని వచ్చింది. డెస్క్‌టాప్ బోసిగా ఉంది. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. పాత ఫోల్డర్లోనే ఉంటాయి, ముందు వాటిని కాపీ తీసుకోవాలి. నాకు తెలుసు. తెలిసీ, బస్సు పోతుందన్న తొందరలో పాత ప్రొఫైల్ని ఆ ఫైళ్లతో సహా డిలీట్ కొట్టి కొత్తది పెట్టేశాను. బద్ధకమా? నాకంతా వచ్చన్న పొగరా? రెండూనేమో.

"డాక్టరు బావా, మా అయ్య మాటలేయి?"

నా నోరు తడబడలేదు. "లాగాఫ్ అవకండా స్విచ్ కట్టీసుంటావ్ బావా. అందుకే పోనాయి."

షిఫ్టు మారేటప్పుడు అందరం అలాగే కట్టేసేవాళ్లం. నేనూ అంతే.

బావ మౌస్ వదిలేసి లేచాడు. "అవును, కట్టీసినాను. తప్పు నాదే. నీకు లేటు సేసీసినాను. ఎల్లు బావా, బస్సు ఎల్లిపోద్ది."

వెళ్లిపోయాను. సిగ్గులేకుండా కిటికీ పక్క సీటు కూడా పట్టుకున్నాను.

ముసలాయన ఆ వానాకాలం దాటలేదు. బావ నాతో ఇప్పటికీ అలాగే ఉంటాడు. అదే నన్ను చంపేస్తోంది. మొన్న నా ముందే వాళ్లమ్మాయి "తాత గొంతు ఎలాగుండీది నాన్నా?" అని అడిగింది. బావ వాళ్లయ్య గొంతు పెట్టి మాట్లాడబోయాడు. రాలేదు. "నానే పోగొట్టీసినానమ్మా" అన్నాడు.

నేను టీ తాగుతూ కూర్చున్నాను. ఛీ!

బావ పోగొట్టలేదు. నేనే చెరిపేశాను. అతనికి చెప్పే ధైర్యం ఇంకా లేదు. కానీ ఈ రెండు ముక్కలు నా చేత్తో రాయడం ఇదే మొదలు.