ఎర్ర బల్బు కింద ఫిడేలు

మామ పోయాడన్న కబురు నాకు ఆవడి స్టేషన్లో అందింది. ఆదివారం కదా, తిరుత్తణి పోయి ఆయన్ను చూసొద్దామని బండి కోసం నిలబడి ఉన్నాను. ఆయన కూతురు ఫోన్ చేసింది.

"బావా, నాయన పోయినాడు. కాఫీ తాగి పండుకున్నోడు పండుకున్నట్టే..." కాసేపు ఏడ్చి, మళ్ళీ తనే అంది: "హోటలోళ్ళు పెద్ద దండ పంపిస్తారంట."

దండ! ముప్పై ఏళ్ళ పాటు ఒక మనిషిని మూడడుగుల చెక్క మీద కూర్చోబెట్టి, చివరికి దండ. ఆ దండను చూసి ఊరు మెచ్చుకునేలోగా నేను చెప్పాల్సింది చెప్పాలి. చావింట్లో కోపమేమిటని మీరు అనవచ్చు. ఆయన బతికున్నప్పుడు ఎవరూ కోపం తెచ్చుకోలేదు కాబట్టే ఇప్పుడీ కోపం.

మామ అంటే మా మేనత్త భర్త. నేతగాళ్ళ ఇంట్లో పుట్టాడు. వీధిలోని భజన మందిరంలో ఫిడేలు పట్టుకున్నాడు, ఇక వదల్లేదు. వయసులో ఉండగా మద్రాసు సభల చుట్టూ తిరిగాడు. ప్రతిచోటా ఒకటే ప్రశ్న: "మీరు ఎవరి పరంపర?" ఆ మాటతో వాళ్ళు ఏమి అడుగుతున్నారో ఆయనకు తెలుసు, మీకూ తెలుసు. సంగీతానికి కులం లేదని ఉపన్యాసాలిచ్చే పెద్దలారా, ఆ వేదికలెక్కినవాళ్ళ జాబితా ఒక్కసారి చదవండి, తరవాత మాట్లాడుకుందాం.

అలా తిరిగి తిరిగి, తిరుత్తణి బస్టాండు దగ్గరి పెద్ద హోటల్లో చేరాడు. పైన గదులు, కింద భోజనాల హాలు. గదులు తీసుకున్న యాత్రికులకు ఒక కాగితం ఇచ్చేవారు. చూడదగినవి: కొండ మీద మురుగన్ సన్నిధి, తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గుడి, రాత్రి భోజనంతో పాటు కర్ణాటక సంగీతం. అంటే మా మామ కూడా చూడదగిన స్థలాల్లో మూడోది అన్నమాట. చేతులు కడుక్కునే తొట్టెకూ కాఫీ కౌంటరుకూ నడుమ ఆయన వేదిక. వెనక గోడ మీద రంగులతో కొండ బొమ్మ. అసలు కొండ ఆ గోడకు అవతలే ఉంది. కృత్తిక పండగ వస్తే ఊరు ఊరంతా కావళ్ళెత్తుకుని మెట్లెక్కేది. ఆ రోజుల్లోనే హోటలుకు రద్దీ, కాబట్టి మామకు సెలవు లేదు. ఆయన బొమ్మ కొండ కిందే కూర్చునేవాడు.

ఇక ఆ బల్బు. వేదిక అంచున, ఆయన మోకాలికి ఎదురుగా, చిన్న ఎర్ర బల్బు ఒకటి బిగించారు. దాని మీట మేనేజరు బల్ల దగ్గర. బయట జనం ఎక్కువైతే బల్బు వెలుగుతుంది. వెలిగితే మామ వేగంగా వాయించాలి. పాట వేగమైతే తినేవాళ్ళ చెయ్యి కూడా వేగమవుతుందట, బల్లలు తొందరగా ఖాళీ అవుతాయట. నిజంగానే అయ్యేవి, నేను చూశాను. తిల్లానా అందుకోగానే మనుషులు తమకు తెలియకుండానే గబగబా నమిలేవారు. రాగం సగంలో ఉన్నా, చరణం మిగిలి ఉన్నా, బల్బు వెలిగితే అంతే, తెంచి పరుగెత్తాలి.

ఆయన మాత్రం నవ్వేసేవాడు. పట్టు జుబ్బా చూసి సర్వరనుకుని ఒకాయన "మసాలా దోసె ఒకటి" అన్నాడట. "రాగం ఆపకుండానే లోపలికి ఆర్డరు చెప్పినాను అల్లుడా. సభల్లో వాయించేటోళ్ళకు చేతనవునా ఇది?" అని ఇంట్లో అందరినీ నవ్వించేవాడు.

ఆయనకు నేను పడ్డ రుణం వేరే ఉంది. మాది తమిళ బడి. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళమే కానీ చదవడం ఎవరికీ రాదు. మామ దగ్గర కీర్తనలు రాసుకున్న నోటుబుక్కు ఉండేది. హోటలుకు సెలవైన సోమవారాల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో అక్షరం మీద నా వేలు పెట్టి పాడేవాడు. దీర్ఘం వచ్చిన చోట వేలు పైకెత్తనిచ్చేవాడు కాదు. "ఉండు, అది ఇంగా అయిపోలేదు" అనేవాడు. నేను ఇన్నేళ్ళుగా పత్రికల్లో తిడుతున్న తిట్లన్నీ ఆ అక్షరాలతోనే.

ఆ తిట్లు ఆయనకూ తప్పలేదు. "మామా, ఇది సంగీతం కాదు, ఊడిగం. వదిలేసి రా" అనేవాణ్ణి.

"వదిలేసి యాడికి పోవల్ల?"

"యాడికైనా! నేను రాస్తాను. నలుగురికీ తెలుస్తుంది."

"నువ్వు రాసేది ఈ జిల్లాలో ఎవురు చదువుతారబ్బా? నా పాటన్నా తినేటోళ్ళ చెవిలో పడతాది. గమ్మున ఉండు."

ఒక్క కోరిక మాత్రం చెప్పేవాడు. తోడి రాగాన్ని ఒక గంట, ఎవరూ తొందర పెట్టకుండా, పది మంది ముందర వాయించాలని. అంతకన్నా ఏమీ అడగలేదు.

ఆ గంట నేను ఇప్పిద్దామనుకున్నాను. నాలుగేళ్ళ కిందట, మా రచయితల సంఘం వాళ్ళం ఇరవై మందిమి సాయంత్రమే పోయి ఆ హాల్లో బల్లలన్నీ పట్టేశాం. కాఫీలు తెప్పించుకున్నాం, లేవలేదు. బయట వరస పెరిగింది, బల్బు వెలిగింది. మామకు ముందే చెప్పి ఉంచాను కాబట్టి ఆయన ఫిడేలు కమాను దించి ఊరికే కూర్చున్నాడు. మేనేజరు చేతులు నులుముకుంటూ వచ్చాడు.

"సార్, కొంచెం సీక్రం సార్. బయట కూట్టం నిలబడి ఉండారు."

"కాఫీ ఎంతసేపట్లో తాగాలో ఏ చట్టంలో ఉందో చూపించండి, తాగేస్తాం. ముందు ఆ బల్బు ఆర్పండి."

చాలాసేపు వాదించాడు. చివరికి పోయి ఆర్పాడు. "వాయించండయ్యా, మీ ఇష్టం" అన్నాడు. మేం బల్లలు చరిచాం. గెలిచాం మరి!

మామ కళ్ళు మూసుకుని తోడి ఎత్తుకున్నాడు. రెండు నిమిషాలు బాగా నడిచింది. తరవాత కమాను కొంచెం తొందరపడింది. ఇంకొంచెం. ఐదో నిమిషానికి రాగం పరుగెత్తుతోంది. సంగీతం పెద్దగా తెలియని నాకే తెలిసిపోయింది. ఆయన ఆపి, బల్బు వైపు చూశాడు. అది ఆరే ఉంది. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అంతే. మూడోసారి ప్రయత్నించలేదు, తిల్లానా వాయించేశాడు. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. తల ఎత్తలేక నేనూ కొట్టాను.

ఇంటికి నడిచి పోతుండగా ఆయన కుడి మణికట్టు నా ముందుకు చాచాడు. "బల్బును ఆర్పించినావు, శానా సంతోషం. ఇంగ దీన్ని ఎట్ల ఆర్పిస్తావు అల్లుడా?"

ఎవరితోనైనా వాదించే నేను, ఆ మణికట్టుతో వాదించలేకపోయాను. హోటలును ఓడించబోయి ఆయన్ను నలుగురిలో ఓడించాను. ఆ పొరపాటు నాది, హోటలుది కాదు. ముప్పై ఏళ్ళ పని మనిషి ఎముకల్లోకి దిగుతుందని కాగితాల మీద ఎన్నిసార్లు రాశానో! కళ్ళెదురుగా ఉన్న మనిషిలో దాన్ని చూడలేకపోయాను.

మర్నాడు ఆయన మామూలుగా పనికి పోయాడు. పోయిన సంవత్సరం పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయేదాకా పోతూనే ఉన్నాడు. హోటలువాళ్ళు ఆయన చోట స్పీకరు పెట్టి ఊరుకున్నారు.

నేను ఆయన్ను చివరిసారి చూసింది పోయిన నెలలో. మధ్యాహ్నం అత్త నాకు వడ్డిస్తోంది. మామ మంచం మీద లేచి కూర్చుని, కూతురితో ఫిడేలు తెమ్మన్నాడు.

"ఏమయ్యా, పిల్లోణ్ణి తిననీ" అని అత్త విసుక్కుంది. నాకు నలభై దాటాయి, ఆమెకు ఇంకా పిల్లోణ్ణే.

కూతురు కమానును, అప్పటికి కొంచెం కదలిక వచ్చిన ఆయన కుడిచేతి వేళ్ళకు గుడ్డపీలికతో కట్టింది. ఆయన లాగాడు. ఆ చెయ్యి తొందరపడాలన్నా పడలేదు. ఒక్క స్వరం దాటడానికి ఊపిరంతా పట్టింది. అక్కడక్కడా గీసుకుంది, తెగింది, మళ్ళీ అందుకుంది. తోడి. దీన్ని విముక్తి అని రాయడానికి నాకు నోరు రాదు. రోగం పడేసిన చేతికి దొరికిన నిదానం అది, లోకం ఇచ్చింది కాదు. కానీ ఆయన కళ్ళు మూసుకున్నాడు, ముఖంలో కంగారు లేదు. ఎంతసేపు వాయించాడో నేను చూసుకోలేదు.

నా వేళ్ళ మీద చారు మెతుకులు ఎండి బిగుసుకుపోయాయి. అత్త గరిటె నిండా మజ్జిగ పట్టుకుని, నా విస్తరి మీదికి సగం వంగి, ఒంచకుండా అలాగే ఉండిపోయింది.