జానయ్య వేసిన డొల్ల బండ

జానయ్య నేలను చూడడు, వింటాడు. ఎక్కడికి పోయినా చేతిలో కట్టె, ఆ కట్టెతో కింద రెండు దెబ్బలు, చెవి ఒకపక్కకు వంచి ఒక తీర్పు. నిక్షేపంలాంటి కాళ్లున్న మనిషికి కట్టె ఎందుకయ్యా అంటే, "నడవనీకె కాదు, ముచ్చట పెట్టనీకె" అంటాడు. ఎవరితో అని అడగకూడదు. అడిగితే వాళ్లింటికే వచ్చి వాళ్ల బండలతో ముచ్చట పెడతాడు.

మునగాలలో చుట్టాల పెళ్లికి పోయి, అక్షింతలు వేయాల్సిన సమయంలో వేదికను కొట్టి చూశాడు. "కింద డొల్ల ఉన్నది. లావుటోళ్లు జర సూసుకొని ఎక్కుండ్రి" అన్నాడు. పెళ్లికూతురు మేనత్త ఇప్పటికీ ఆయనతో మాట్లాడదు.

అసలు ఈ జబ్బు మొదలైంది సూర్యాపేట కంటి దవాఖానలో. షుగరుతో పోయిన రుక్కమ్మ చూపు ఇక తిరిగి రాదని డాక్టరు మెల్లగా చెబుతుంటే, ఆమె మొగుడైన ఈ మహానుభావుడు కుర్చీలో కూర్చుని కింద టక్కుటక్కుమని కొడుతున్నాడు.

"పెద్దాయనా, వింటున్నారా?" అన్నాడు డాక్టరు.

"వింటున్న సారూ. మీ గదిల బండ ఒక తీరు మోగుతున్నది, బయట వరండాల ఇంకో తీరు మోగుతున్నది."

పక్కనే ఉన్న కోడలు కరుణ, ఆ బండే చీలితే అందులోకి దూరిపోదామనుకుంది.

కరుణది కోదాడ. చివ్వెంల దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చి, రోజూ బస్సెక్కి సూర్యాపేటలో రక్తపరీక్షల ల్యాబుకు వెళ్లి వస్తుంది. ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం. ఇప్పుడు దానికే ఎసరొచ్చింది. చూపు పోయాక రుక్కమ్మ వంటింట్లోకి దిగే మెట్టు దగ్గర పాలగిన్నెతో సహా బోర్లాపడింది. చెయ్యి పట్టుకోబోతే, "నాకేమైంది? గుడ్డిదాన్ననుకున్నవా?" అంటుంది. కట్టె పట్టుకోమంటే ఆ పూట అన్నం మానేస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు కాపలా ఉండక తప్పదు. ఆ ఒకరు ఎవరో మామ అనలేదు, మొగుడు ఉపేందర్ అనలేదు. ఇద్దరూ కరుణ వైపు చూశారు, అంతే. దసరా దాటగానే ఏ సంగతో చెప్పమన్నారు ల్యాబు వాళ్లు.

ఇంత గొప్ప సమయంలో జానయ్యకు ఇల్లంతా కొత్త బండలు వేయాలన్న బుద్ధి పుట్టింది. పాత గచ్చు ఎలాగూ పగిలిపోయింది. రేపటి నుంచి ఉద్యోగం లేకపోయినా, మెరిసే టైల్స్ చూసుకుంటూ కూర్చోవచ్చు కదా అనుకుని కరుణ కూడా మిర్యాలగూడ షాపుకు వెంట వెళ్లింది.

షాపాయన మల్సూర్ పాలరంగు టైలు తీసి ముచ్చటగా తుడిచాడు. "ఇందుల మీ మొఖం కనపడ్తది తాతా."

"నా మొఖం నేనేం చేసుకోవాలె? ఇది పాడుతదా?" అని జానయ్య కళ్లు మూసుకుని టక్కుమని కొట్టాడు.

"టైలు పాడుడేంది తాతా?"

"పాడదా? అయితే ఇంకోటి తియ్యి."

షాపులో ఉన్న సరుకంతా దెబ్బలు తిన్నాక బేరం కుదిరింది. ముందుగదికి గరుకు తాండూరు బండ, పడకగదికి నున్నని గ్రానైట్, వంటింటికి గళ్ల టైలు. ఏ ఒక్కదానికీ ఇంకోదానితో చుట్టరికం లేదు.

"మామయ్యా, వచ్చినవాళ్లు దీన్ని ఇల్లనుకుంటారా, షాపులో శాంపిల్ బోర్డనుకుంటారా?" అంది కరుణ.

"సూసేటోళ్ల సంగతి ఇడిసిపెట్టు బిడ్డా" అన్నాడాయన.

మేస్త్రీ ఫకీరా వస్తానంటే వద్దన్నాడు. ఫోన్లో వీడియోలు చూసి, రసమట్టం, రబ్బరు సుత్తి కొనుక్కుని, తానే మేస్త్రీ అయి కొడుకును కూలీని చేశాడు. బండ వేయడం, కట్టెతో కొట్టడం, మొహం అదోలా పెట్టి "లేపురా" అనడం.

"మంచిగనే కూసున్నది కద నాయినా" అనేవాడు ఉపేందర్ నడుము పట్టుకుని.

"మంచిగ కూసుంటె సరిపోదు. పక్కగదితోటి గొంతు కలుస్తున్నది. లేపు."

అన్ని రోజులూ పొయ్యి వాకిట్లోనే. పంటికింద కరకరలాడింది జీలకర్రో సిమెంటో అడక్కుండా మింగారు అందరూ.

పని అయిపోయిందని తెలిసి ఫకీరా పండక్కి వచ్చినంత సంబరంగా వచ్చాడు. గదిగదీ తిరిగి కొట్టి చూశాడు. అన్నీ గట్టిగా ఉండేసరికి పాపం మొహం వాడిపోయింది. ఆఖరికి వంటింటి మెట్టుకు ముందున్న బండ డబ్బుమంది. ఫకీరా ప్రాణం లేచొచ్చింది.

"జానయ్యా, ఊరందరి బండలు డొల్లంటివి. మరి నీ ఇంట్ల ఇదేంది?"

"కొత్త మేస్త్రీని గద. జరంత తప్పు పోయింది."

టీకొట్టు దాకా పోయిందా కబురు. పరువు పోతోందని ఉపేందర్ గడ్డపార తెస్తే, "దాన్ని ముట్టుకుంటే కాళ్లిరగ్గొడ్త" అన్నాడు జానయ్య. ఇక ముసలాయనకు మతి పూర్తిగా చెడిందని కరుణ ఖాయం చేసుకుంది.

దసరా వెళ్లింది. ఉద్యోగం మానేస్తానని చెప్పడానికి బయల్దేరిన కరుణ, ఫోన్ మరిచిపోయి బస్టాపు నుంచి వెనక్కి వచ్చింది. వాకిట్లో జానయ్య కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చేతిలో కట్టె లేదు. అలికిడికి కళ్లు తెరిచి, మాట్లాడొద్దని వేలు చూపించాడు.

కరుణ కిటికీలోంచి చూసింది. కట్టె రుక్కమ్మ చేతిలో ఉంది. పడకగది గ్రానైట్ ఖంగుమంది. గడప దాటింది, తాండూరు బండ మొద్దుగా పలికింది. గోడ పట్టుకోకుండా, తడుముకోకుండా, సొంత ఇంట్లో నడిచే మనిషిలా నడిచింది. డబ్బుమనగానే ఆగింది. కాలు జాగ్రత్తగా చాచి, మెట్టు దిగి, వంటింట్లోకి పోయింది. కాసేపట్లో స్టవ్ వెలిగిన చప్పుడు, ఆ వెనకే అల్లం వాసన.

కరుణకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ముందే చెప్పొచ్చు కదా మామయ్యా. ఊరంతా మిమ్మల్ని పిచ్చోడన్నారు. నేనూ అన్నాను."

"చెప్తే మీ అత్తమ్మకు కండ్లు లేవని దండోరా ఏసినట్టయితది. నన్ను పిచ్చోడంటే నాకేం పోయింది బిడ్డా? రోజూ కట్టె మర్చిపోయినట్టు లోపల పెట్టి వస్తున్న. మీరందరు పోయినంక తీస్తది."

కరుణ ఫోన్ కోసం ముందుగదిలో అడుగు పెట్టిందో లేదో, వంటింట్లోంచి కేక వచ్చింది.

"ఏందే కరుణా, బస్సు పోయిందా? చాయ్ తాగిపో. నీ మామ కట్టె మర్చిపోయిండు, తీసి మూలకు పెడుతున్న."

"అలాగే అత్తయ్యా, పెట్టండి" అంది కరుణ నవ్వు ఆపుకుంటూ.

చాయ్ తాగి, తరవాతి బస్సు పట్టుకుని ల్యాబుకు వెళ్లింది. "అయితే మానేస్తున్నట్టేనా?" అంది అక్కడి మేడం గీత దిగులుగా.

"లేదు మేడం, ఉంటున్నాను" అంది కరుణ. వెనక్కి తిరిగి రెండడుగులు వేసి, ఆగి, మడమతో కింద కొట్టి, చెవి ఒకపక్కకు వంచింది.

"మేడం, మీ టేబుల్ ముందర బండ డొల్లగా ఉంది" అంది.