మొత్తం కీర్తన చదివిన ఆదివారం

2021 జనవరి ఒకటి, ఉదయం తొమ్మిదిన్నర. గుజరాత్‌లోని పారిశ్రామిక వాడ సచిన్‌లో నేను బాయిలర్లు చూసుకునే మిల్లు నుంచి లింబాయత్‌లోని మా ప్రార్థన గదికి పద్నాలుగు కిలోమీటర్లు. గది పొడవు ఇరవై నాలుగు అడుగులు, వెడల్పు పన్నెండు. ఆరడుగుల దూరం పాటిస్తే పదిహేను మందికే చోటు; మిగతావారు మెట్ల మీద, కింది మగ్గాల షెడ్డు ముందు నిలబడ్డారు. రాత్రి కర్ఫ్యూ వల్ల కొత్త సంవత్సరపు ఆరాధన ఆ ఏడు ఉదయానికి మారింది.

చివర ఎప్పటిలాగే వాగ్దాన కార్డుల పళ్లెం తిరిగింది. ఒక్కో కార్డు మీద ఒక్కో బైబిలు వచనం ఉంటుంది; కళ్లు మూసుకొని తీసిన కార్డే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అని మేమంతా నమ్మేవాళ్లం. భేస్తాన్ నుంచి వచ్చే ఒక మగ్గం కార్మికుని భార్యకు తొంభై ఒకటో కీర్తనలోని వచనం వచ్చింది: ఏ తెగులూ ఆమె గుడారం దరిచేరదని. అంతకంటే మంచి కార్డు ఎవరికీ రాలేదన్నారు. ఆమె దాన్ని తలుపు లోపలివైపు అంటించుకుంది. ఏప్రిల్‌లో జ్వరం వచ్చి, ఆసుపత్రిలో పదకొండో రోజున మరణించింది.

భర్త సంఘానికి దూరమయ్యాడు. మేము అయ్యగారని పిలిచే మా సంఘకాపరి ఫోను చేసినా ఎత్తేవాడు కాదు. కరోనా వల్ల ఆగిన ఆరాధనలు తిరిగి మొదలయ్యాక, జూలైలో ఒక ఆదివారం వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చెప్పులు విప్పలేదు. చేతిలో ఆ కార్డు ఉంది.

"అయ్యగారూ, ఇది వాపస్ తీసుకోండ్రి. మా ఇంటికి తెగులు రాదని రాసుంది. మరెట్ల వచ్చింది? ఆమెకు విశ్వాసం తక్కువైందంటరా?"

అతను ఉంటాడా, శాశ్వతంగా వెళ్లిపోతాడా అన్నది ఆ జవాబు మీదే ఉందని గదిలో అందరికీ తెలుసు. అయ్యగారు కార్డు తీసుకున్నారు.

"ఆమె విశ్వాసం తక్కువ గాదు తమ్మీ, నా బోధ తక్కువైంది. ఇన్నేండ్లు కీర్తనను ముక్కలు చేసి పంచిన. ముందర ఏముంది, ఎనక ఏముంది ఎన్నడు చెప్పలే. జర కూసో. ఇయ్యాల మొత్తం చదువుదాం."

అతను కూర్చోలేదు. అయ్యగారు పదహారు వచనాలూ చదివి, మత్తయి సువార్త నాలుగో అధ్యాయం తెరిపించారు. దేవాలయ శిఖరం మీది నుంచి దూకమని యేసును ప్రేరేపించిన శోధకుడైన సైతాను వాడుకున్నది ఇదే కీర్తనలోని మాటను. యేసు ఆ మాటను కాదనలేదు. దానితో దేవుణ్ణి పరీక్షించడానికి ఒప్పుకోలేదు. కీర్తన చివర శ్రమలో తోడుంటానని దేవుడే అంటున్నాడంటే, శ్రమ వస్తుందనే కదా అని అయ్యగారు అడిగారు.

"అయితే ఆమెకు తోడున్నడా? నన్ను దవాఖాన లోపలికి రానియ్యలే. ఒక్కతే పోయింది."

"ఉన్నడని నమ్ముతున్న. రుజువు చూపియ్యమంటే నా దగ్గర లేదు."

అతను చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. "ఆయన ఝూట్ చెప్పలే, అందుకే కూసున్న" అని తర్వాత నాతో అన్నాడు.

ఇక కార్డులు ఉండవని, వారానికొక అధ్యాయం పూర్తిగా చదువుదామని అయ్యగారు ఆ రోజే ప్రకటించారు. ముందు కూర్చున్న పెద్దామె ఒకరు అందుకున్నారు. "మంచిగైంది అయ్యగారూ. మూడేండ్ల సంది నాకు సంతానం ఇసుక రేణువులంత అయితదనే కార్డే వస్తుంది. అరవై దాటినంక ఏం జేసుకోను?" గదంతా నవ్వింది. అతనూ నవ్వాడు.

బోధ మధ్యలో ప్రశ్నలడగడం అప్పటి నుంచే మొదలైంది. గుజరాతీ బడికి వెళ్లే పిల్లలు వచనాలు చదవడానికే తెలుగు అక్షరాలు నేర్చుకున్నారు. తప్పు చేయకుండానే అన్నీ పోగొట్టుకున్న మనిషి కథ, యోబు గ్రంథం చేపట్టినప్పుడు చదివే బాధ్యత తనకిమ్మని అతనే అడిగాడు. నలభై రెండు అధ్యాయాలూ చదివాడు.

2022 చివరికి లెక్క ఇది. సంఘంలో మరణించినవారు ముగ్గురు. ఊళ్లకు వెళ్లి తిరిగి రాని కుటుంబాలు ఐదు. కార్డులు మానేశామని వేరే సంఘానికి మారినవి రెండు. అతని భార్య వైద్యానికైన ఖర్చు లక్షా తొంభై వేలు. సంఘం ఇవ్వగలిగింది ముప్పై నాలుగు వేలు. అద్దె కట్టలేక లింబాయత్ గది పోయింది. ఆరాధన భేస్తాన్‌లో, అతను ఉండే ఇంటి డాబా మీద జరుగుతోంది.