నా గొంతు విన్నా ఆగొద్దు

ఊరంతా 'పెద్దాయన' అని వణికే మనిషి నాకు మాత్రం అక్క మొగుడు. ఇరవై ఏళ్లుగా ఆయన కారు తోలుతున్నాను కాబట్టి చెప్పే హక్కు నాకుంది: మా బావంత పిరికివాణ్ని నేను చూడలేదు. ఎదురు తిరిగినవాళ్ల కొట్లు తగలబెట్టించే ఈ మహానుభావుడు, ఇల్లు కదిలేముందు వంటింట్లో గ్యాస్ కట్టేశారో లేదో మూడుసార్లు చూసుకుంటాడు. కూతురి పుస్తకాలకి అట్టలు తనే వేస్తాడు. "అందులో పావు వంతు జాలి పరాయి పిల్లల మీద చూపించు బావా" అన్నానొకసారి. నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు.

ఆయన పనికో పద్ధతుంది. పట్టపగలు, కొట్టు భోజనానికి మూసిన వేళ, మనుషులు వెళ్లి షట్టర్‌కి బయటినుంచి తమ తాళం వేస్తారు, ఎవరూ సరుకు లాక్కోకుండా. తర్వాత వెనక కిటికీలోంచి నిప్పు. బయల్దేరేముందు ఫోన్లు కట్టేయాలి. ఎప్పుడో పోలీసులు మెడ మీద కూర్చుని ఆయన చేతే ఫోన్ చేయించి ఒక పని ఆపించారు. అప్పట్నుంచీ ఆయన మాట ఒకటే: "నా గొంతు విన్నా ఆగొద్దు."

ఆ రోజు వంతు దర్జీది. కొట్టు ఖాళీ చెయ్యనని మొండికేసిన ముసలాయన.

బావ భోజనానికి కూర్చుంటూ, "పిల్లేదీ?" అన్నాడు.

"దర్జీ దగ్గరికెళ్లింది," అంది అక్క వడ్డిస్తూ. "బడిలో డాన్సుకి గౌను కుట్టించుకుంటోంది. మీ కూతురని పాపం భోజనం కూడా మానుకుని కొలతలు చూస్తానన్నాడట. జనం రాకుండా షట్టర్ దించుకుంటాడట."

బావ ముద్ద వదిలేసి ఫోనందుకున్నాడు. మనుషుల ఫోన్లు కట్టేసి ఉన్నాయి. పిల్ల ఫోను పక్కగదిలో చార్జింగ్‌లో మోగింది. దర్జీకి ఫోనే లేదు. ఎంగిలి చేత్తోనే షెడ్డులోంచి ఇనుము కోసే పెద్ద కట్టర్ లాక్కుని కారెక్కాడు. నేను కారు ఉరికించాను. ఆ పిల్లని ఎత్తుకుని పెంచినవాణ్ని నేను. జన్మలో ఎవర్నీ బతిమాలని మనిషి, కూడలిలో ఎర్రదీపాన్ని బతిమాలాడు.

మేం దిగేసరికి షట్టర్ కిందనుంచి పొగ వస్తోంది. లోపల్నుంచి బాదుతున్న చప్పుడు. ఎదుటి అరుగు మీద మా మనిషి గర్వంగా లేచి నిలబడ్డాడు.

"తాళంచెవేదిరా?"

"కాలవలో పడేశానన్నా, మీరు చెప్పినట్టే. లోపలెవరో అరుస్తున్నారు. అయినా ఆగలేదు."

బావ వాణ్ని కొట్టడానికి కూడా ఆగలేదు. తాళం తెగడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు, నేను మాత్రం బతికుండగానే చచ్చాను. షట్టర్ లేపితే ముసలాయన పాకుతూ వచ్చాడు, తడి గుడ్డల్లో చుట్టిన పిల్లని ముందుకు తోసుకుంటూ. ఆయన రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి.

"మీరు రాకపోతే ఏమైపోయేవాళ్లం బాబూ," అన్నాడు.

బావ కూతుర్ని గుండెకి హత్తుకుని భోరున ఏడ్చాడు. అది దగ్గి దగ్గి, కళ్లు తుడుచుకుని, కింద పడున్న కట్టర్ వైపు చూసింది. తర్వాత తండ్రి మొహంలోకి చూసింది.

"నాన్నా, బయట తాళం వేశారని నీకెలా తెలుసు?"

బావ నావైపు చూశాడు. ఇరవై ఏళ్లుగా ఆయన కోసం ఎన్ని అబద్ధాలాడానో లెక్కలేదు. ముసలాయన్ని లేపి ఆసుపత్రికని కారెక్కించుకున్నాను. ఆ జవాబు బావనే చెప్పుకోనిచ్చాను.