గేబెన్‌తో ట్రాలీ దాకా

శనివారం పొద్దున ఏడింటికి డబ్లిన్‌లో రైలెక్కాం, నేనూ పదిహేనేళ్ల మా అమ్మాయి నిత్యా. మా ఆయన మురళి ఐర్లండ్‌కి ఆ కొసన, కెర్రీ జిల్లాలోని ట్రాలీ అనే ఊళ్లో ఆసుపత్రి డాక్టరు. మేమిద్దరం డబ్లిన్‌లోనే, బోమాంట్‌లో ఉంటాం. వారం వారం ఈ తిరుగుడుకి విసిగి, ముగ్గురం ఒకే ఇంట్లో ఉండొచ్చని ఆయన జర్మనీలో ఉద్యోగం చూసుకున్నారు. సోమవారంలోగా జవాబు చెప్పాలి. నేను ముందుగానే జర్మన్ మొదలుపెట్టాను. దాంతో నిత్య నాతో మాట్లాడటం మానేసింది.

ట్రాలీకి వెళ్లేవారు టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. తిండి కాస్త ఎక్కువే కట్టుకోండి. మా చపాతీలు సగం దారిలోనే అయిపోయాయి.

దారంతా ‘గేబెన్’ అనే ఒక్క క్రియతో కుస్తీ పట్టాను. అర్థం ‘ఇవ్వడం’. అంతేగా అనుకుంటే ‘ఎస్ గీబ్ట్’ అని ఇంకొకటి. విడమరిస్తే ‘అది ఇస్తుంది’, వాడుకలో మాత్రం ‘ఉంది’. ఊళ్లో స్టేషనుందని చెప్పాలంటే, అది స్టేషను ఇస్తుందనాలి. ఏది ఇస్తుంది? పుస్తకం చెప్పదు. ముందు ‘ఔఫ్’ తగిలిస్తే వదులుకోవడం. ఇదే క్రియలోంచి పుట్టిన ‘గిఫ్ట్’ జర్మన్‌లో కానుక కాదు, విషం. పుస్తకాన్ని కిటికీలోంచి విసిరేద్దామనిపించింది.

మాలో అనే స్టేషనులో బండి మారాలి. మాది ఆలస్యమై, ట్రాలీ బండి మా కళ్లెదుటే వెళ్లిపోయింది. బయట వాన. బెంచీ మీద పక్కన కూర్చున్న ముసలావిడ నా పుస్తకం చూసి నవ్వింది. బళ్లో ఐరిష్ చెప్పి రిటైరైందట. ఇంగ్లీషు ‘గివ్’, జర్మన్ ‘గేబెన్’ ఒక తల్లి పిల్లలేననీ, ఇంకా వెనక్కి పోతే ఐరిష్ ‘గవ్’ కూడా ఆ వంశానిదేనని పండితులంటారనీ చెప్పింది.

“దానర్థం కూడా ఇవ్వడమేనా?” అన్నాను.

“కాదు, తీసుకోవడం,” అంది తాపీగా.

నేను తల పట్టుకున్నాను. మూలమాటకి చేత్తో పట్టుకోవడమని అర్థం ఉండొచ్చనీ, ఆ చెయ్యి ఎటు తిరిగితే అర్థం అటు తిరిగిందనీ ఆవిడ సర్దిచెప్పబోయింది.

అప్పుడు నిత్య నోరు విప్పింది. “గవ్ మో లెష్కేల్, మామ్. వీ సే ఇట్ ఆల్ డే ఇన్ స్కూల్.”

క్షమించండని చెప్పడమట. నా సంజాయిషీ పుచ్చుకోండని అసలు మాట. ఆవిడ మురిసిపోయి నిత్యతో ఐరిష్‌లోకి దిగింది. పిల్ల గడగడా జవాబులిస్తోంది. తనకి ఆ భాష ఇంత బాగా వచ్చని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

మేము చేరేసరికి మురళి పప్పుచారు కాచి ఉంచారు. భోజనాల దగ్గర జర్మనీ సంగతెత్తి, ఏమంటావని నన్నడిగారు. నాకు ఒళ్లు మండింది.

“నన్నెందుకండీ అడుగుతారు? దాన్నడగండి.”

ఆయన అడిగారు. ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే బదులిచ్చే పిల్ల, మాటలు వెతుక్కుంటూ తెలుగులో చెప్పింది: “మమ్మల్ని తీసుకుపోవద్దు నాన్నా. నువ్వే మా దగ్గరికి వచ్చెయ్.”

మురళి మర్నాడు మమ్మల్ని స్టేషనులో దింపుతూ, జర్మనీకి రానని రాసేస్తాననీ, డబ్లిన్‌లో ఇంతకంటే చిన్న పోస్టయినా చూసుకుంటాననీ అన్నారు.

తిరుగు రైల్లో చాలా దూరం నిలబడే వచ్చాం. కాళ్లు లాగేశాయి. నేర్చుకున్న జర్మన్ అంతా నీళ్లపాలైందని ఉక్రోషంగా ఉంది. కెర్రీ అందాల గురించి అడిగితే ఏమీ చెప్పలేను. నేను చూసింది రెండు ప్లాట్‌ఫారాలు, ఒక వంటగది. ఆ వంటగదిలో మా అమ్మాయి నోరు తెరిచి తనకేం కావాలో అడిగింది.